మిరుగం నాటి ఉప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏడాదికొక రోజు బిచ్చమెత్తేవాళ్లం. లేక కాదు. మా నాయన సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసేవాడు, నెలనెలా జీతం వచ్చేది, బియ్యం డబ్బా ఎప్పుడూ అడుగంటలేదు. అయినా మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, పొద్దున్నే ఇంట్లోంచి ఒకరు బయటికి పోయి, ముక్కూమొహం తెలియని వాళ్ల గడప ముందు నిలబడి ఉప్పు అడగాల్సిందే. ఆ ఉప్పు వచ్చేదాకా మా ఇంట్లో పొయ్యి ముట్టించేవాళ్లు కాదు. పట్నమంతా చేపల కూర వండుకునే రోజున మా చేపలు పళ్లెంలో అలాగే పడి ఉండేవి. పిల్లి వాటి చుట్టూ తిరిగేది. మా నాయనమ్మ కర్ర పట్టుకుని దాన్ని అదిలిస్తూ గడప వైపు చూస్తూ కూర్చునేది.

దానికి పద్ధతులుండేవి. గిన్నె పట్టుకుపోకూడదు, పగిలిన కుండపెంకు పట్టుకుపోవాలి. చుట్టాల ఇంటికీ కులపోళ్ల ఇంటికీ పోకూడదు. మన ఇంటిపేరు చెప్పకూడదు. ఉప్పు మాత్రమే అడగాలి. గింజలు నోరు తెరిచి అడగరాదు. వాళ్లంతట వాళ్లే ఒక పిడికెడు పోస్తే సరి, లేకపోతే ఇంకో గడప చూసుకోవాలి. తెచ్చిన ఉప్పు వేసి ముందుగా ఏదో ఒక ఆకు ఉడకబెట్టాలి. అందులో కారం ఉండదు, చింతపండు ఉండదు. ఇంటిల్లిపాదీ తలా ఒక ముద్ద తిన్నాకే చేపల సంగతి. గడ్డి నమిలినట్టుండేది. ఇదంతా ఎందుకని అడిగితే నాయనమ్మ దగ్గర ఒకటే జవాబు ఉండేది. "పెద్దలు చేసిండ్రు, మనం చేస్తున్నం. నోర్మూసుకొని మింగు."

ఈ మధ్య నా మనవరాలు ఫోనులో వంశవృక్షం గీస్తూ, "తాతా, మన మూలం ఏ ఊరు?" అని ఏదో బస్సు నంబరు అడిగినట్టు అడిగింది. చెప్పాను, రాసుకుంది, అయిపోయింది. నేను బస్సు డిపోలో పనిచేసి రిటైరైన వాణ్ని, అడిగినదానికి టక్కున జవాబు చెప్పడం నాకు అలవాటే. కానీ ఆ ఒక్క ఊరి పేరు మా ఇంటికి ఎలా వచ్చిందో, దానికి ఎవరు ఏం ఇచ్చుకున్నారో ఆ పిల్లకు తెలియదు. అది చెబుదామనే ఇలా కూర్చున్నాను.

అప్పుడు మేం అమీర్‌పేటలో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. ఇప్పుడు మెట్రో దిగి నిలబడితే ఆ ఇల్లు ఎక్కడుండేదో నేనే చూపించలేను. ఆ చోట కంప్యూటరు కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, వాటి పైన ఆడపిల్లల హాస్టలు. ఆ రోజుల్లో మా సందులో సగం మంది మావంటి వాళ్లు, సగం మంది కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చిన వాళ్లు. ఒక మిరుగానికి నేను ఎదురు సందులో ఉండే ఒక మేస్టారు గారింటికి ఉప్పుకు పోయాను. ఆయన భార్య నన్నూ నా పెంకునూ మార్చి మార్చి చూసి, "ఏంటి బాబూ, ఉప్పుకి పెంకు తెచ్చావేంటి? ఉండు, గిన్నెలో పోసిస్తాను, మీ అమ్మగారిని తర్వాత పంపించమను" అంది. వద్దు, ఇందులోనే పోయమన్నాను. పాపం మంచిమనిషి, ఉప్పుతో పాటు బియ్యం కూడా దండిగా పోసింది. కానీ వాళ్లబ్బాయి నా క్లాసే. బడి తెరిచిన రోజు నుంచి నేను ఉప్పుగాణ్ని అయిపోయాను. ఏడాదంతా ఆ పేరు మోసి, వచ్చే మిరుగానికి ఛస్తే మా సందులో అడగనని ఒట్టు పెట్టుకున్నాను.

ఇక మా మేనత్త సంగతి చెప్పాలి. అసలు ఈ కథ ఆమెదే. మా నాయనకు ఒక్కతే చెల్లెలు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని నాలుగు వీధుల వాళ్లకు జాకెట్లు కుట్టేది. నోరు పదును, చెయ్యి ఇంకా పదును, నా వీపుకు రెండూ తెలుసు. అయినా ఇంట్లో నాకు ఎక్కువ చనువు ఆమె దగ్గరే. ఆమెకు సంబంధాలు వచ్చేవి, చూసి వెళ్లేవాళ్లు, కుదిరేవి కావు. పిల్ల బాగాలేక కాదు, పని రాక కాదు. మా కులంలో గోత్రాలు పట్టించుకోరు. ఇంటిపేరు చూస్తారు, మూలం ఏ ఊరని అడుగుతారు, పాలోళ్లు ఎవరని అడుగుతారు. పాలోళ్లంటే ఒకే వంశం నుంచి చీలిన దాయాదులు. వాళ్ల పిల్లలు ఒకరికొకరు అన్నాచెల్లెళ్ల లెక్క.

మా దగ్గర వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మా పెద్దలు ఎక్కడి నుంచో కరువుకు పట్నం వచ్చారని, ఇక్కడ ఒక నవాబు బంగళాకు రాళ్లు మోశారని మాత్రం నాయనమ్మకు వాళ్లత్త చెప్పింది. ఇంటిపేరు కూడా పాతది కాదు, ఆ బంగళా దగ్గర ఎవరో మేస్త్రీ పిలిచిందే ఇంటిపేరైంది. చూడవచ్చిన పెద్దమనుషులు చాయ్ తాగేసి, కప్పు కింద పెట్టి, అప్పుడు గొంతు సవరించుకునేవాళ్లు. "మూలం ఎర్కలేనింటి పిల్లను ఎట్ల చేస్కుంటమమ్మా? రేపు మా పాలోళ్ల పిల్లనే అని తేలితే చెల్లెను చేస్కున్నట్టు గాదా?" అని లేచిపోయేవాళ్లు. వాళ్లు వెళ్లాక మా అత్త ఆ కప్పులు కడుగుతూ, చాయ్ తాగకముందే ఈ ముక్క అడిగితే చక్కెరైనా మిగిలేది అనేది. నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు. తన కళ్ల ముందే కూతురి వయసు దాటిపోతోందని ఆమెకు లోపల దిగులు. మన ఊరేదో తెలిస్తే చాలు, ఈ పిల్ల ఒక ఇంటిదైతది అని రోజూ అనుకునేది.

అలాంటప్పుడు ఒక సంబంధం వచ్చింది. మా నాయన పనిచేసే వర్క్‌షాపులోనే ఫిట్టరు. ఒకసారి పనిలో మా నాయన కంట్లో ఇనప పొట్టు పడితే అతనే సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. మా అత్త మంచినీళ్లు ఇచ్చింది. అతను తాగి, నీళ్లు మస్తు సల్లగున్నయి అన్నాడు. అంతే. అందులో ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు కానీ, మా అత్త మిషను తొక్కుతూ తొక్కుతూ దాన్ని తలుచుకుని నవ్వుకునేది. ఆ తర్వాత అతనే మా నాయనను అడిగాడట. మా మూలం సంగతి మా నాయన ముందే చెప్పేశాడు. "నాకు గవన్ని ఫికర్ లేదన్నా. మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఒక్కసారి చూస్తది, గంతే" అన్నాడతను. తండ్రి లేడు, ముసలితల్లికి ఆఖరి కొడుకు. తను పంజాగుట్టలో పిండిగిర్ని పక్క సందులో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. ఆ ఏడు మిరుగం ఆదివారం పడింది. వర్క్‌షాపుకు సెలవు కాబట్టి ఆ మధ్యాహ్నమే వస్తామన్నారు. ముందు రోజంతా మా అత్త ఇల్లు అలికింది, కొత్త జాకెట్ కుట్టుకుంది, నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు.

ఆదివారం పొద్దున్నే నాయనమ్మ నా చేతికి పెంకు ఇచ్చింది. జల్ది రా బిడ్డా, చుట్టాలొస్తున్నరు, పొయ్యి ముట్టియ్యాలె అంది. నేను సందు దాటి ఎవరికీ కనబడకుండా పంజాగుట్ట దారి పట్టాను. అక్కడ నన్ను ఉప్పుగాడని పిలిచేవాడు ఎవడూ లేడన్న ధైర్యం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. పిండిగిర్ని చప్పుడు వినిపించిన చోట పక్కకు తిరిగాను. మొదటి ఇంటి గడప మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె పక్కన చిన్న బుట్టలో తోటకూర ఉంది. నేను పెంకు చాపి నిలబడ్డాను. ఆమె నా మొహం చూడలేదు, పెంకునే చూసింది.

ఏం గావాలె బిడ్డా అంది. ఉప్పు అన్నాను. ఒట్టి ఉప్పేనా అంది. ఒట్టి ఉప్పే అన్నాను. ఆమె తోటకూర బుట్ట పక్కకు జరిపింది. తర్వాత చాలా మెల్లగా, "నేను పెట్టరాదు బిడ్డా. మా ఇంట్ల సుత ఇంక పొయ్యి ముట్టియ్యలే. మా పిలగాడు ఉప్పుకు పోయిండు, వాని కోసమే సూస్తున్న" అంది. మీదేడ, ఎవలింటోనివి అని అడిగింది. ఇంటిపేరు చెప్పకూడదు కదా, నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ఉప్పు పెట్టడం ఇష్టం లేక సాకులు చెబుతోందనుకున్నాను. ఆమె పిలుస్తున్నా వినకుండా ముందుకు పోయి, ఇంకో ఇంట్లో ఉప్పూ కాసిని జొన్నలూ పుచ్చుకుని ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో ఆ మాట నవ్వులాటగా చెప్పాను. పంజాగుట్టలో ఒక ముసలామె ఉంది నాయనమ్మా, మనలెక్కనే పొయ్యి ముట్టియ్యలేదట, కొడుకు ఉప్పుకు పోయిండట, మంచి సాకే దొరికింది అన్నాను. నాయనమ్మ చేతిలో కర్ర కింద పడిపోయింది. పిల్లి చేపను ఎత్తుకుపోయినా చూడలేదు. నా రెండు భుజాలు పట్టుకుని ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. తోటకూర కూడా ఉందా అని అడిగింది. ఉందన్నాను. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చుండిపోయి, కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. మనోళ్లు ఉన్నరు, మనోళ్లు ఉన్నరు అని అదే మాట. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఈ తంతు చేస్తోంది కానీ ఇంకో ఇంట్లో చేస్తారని ఆమె వినడం అదే మొదలు. ఇక మూలం దొరికినట్టే, చుట్టాలను పంపించి సాయంత్రమే పోదాం అంది. వచ్చేవాళ్లకు కూడా మాకూ పాలోళ్లున్నరని చెప్పుకోవచ్చని ఆమె సంబరం.

మా అత్త మిషను మీద నుంచి లేచి వచ్చి నన్ను ఒకటే అడిగింది. ఆ ఇల్లు ఏ దిక్కు ఉంది రా అని. పిండిగిర్ని పక్క సందు, మొదటి ఇల్లు అన్నాను. ఆమె సరే అంది. పొయ్యి ముట్టించింది, ఆకు ఉడకబెట్టింది, తలా ఒక ముద్ద పెట్టింది. మా నాయన అప్పటికి బజారు నుంచి మిఠాయి పట్టుకుని రానేలేదు. ఆ ఫిట్టరు గది ఎక్కడుందో మా నాయన ఎన్నోసార్లు ఇంట్లో చెప్పాడు, నేను పట్టించుకోలేదు, సంబరంలో నాయనమ్మకూ తట్టలేదు. అత్త మాత్రం ముద్ద తిని చెయ్యి కడుక్కుని, కొత్త జాకెట్ వేసుకుని జడ వేసుకుంది.

మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. ముందు అతను, వెనకాల తల్లి. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆమె చెప్పులు విడుస్తూ తలెత్తి నన్ను చూసింది, ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయింది. "ఈ పిలగాడు మీ ఇంటోడా?" అని మాత్రం అడిగింది. మా నాయన గర్వంగా నా కొడుకే అన్నాడు. నాయనమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది. నేను తలూపాను. ఇద్దరు ముసలివాళ్లూ మగవాళ్లను ముందు గదిలో కూర్చోబెట్టి, ఇల్లు చూపిస్తానన్న మిషతో వెనక వసారాలోకి వచ్చేశారు. నాయనమ్మ నా చెయ్యి వదల్లేదు, అందుకని నేనూ అక్కడే ఉన్నాను.

ఆ ముసలామెకు అంతా తెలుసు. పాలమూరు అవతల కృష్ణ ఒడ్డు దగ్గరి ఊరట. కరువుకు ఇద్దరు అన్నదమ్ములు పెళ్లాం పిల్లలతో బయలుదేరారు. దారిలో కుండ పగిలింది. చెట్ల ఆకులు ఉడకబెట్టుకు తింటూ నడిచారు. షాద్‌నగర్ దిక్కు ఒక ఊళ్లో, మిరుగం నాడు, పిల్లలు ఉప్పులేని ఆకు ఇక మింగలేక కక్కేస్తుంటే, పెద్దవాడి భార్య పగిలిన పెంకు పట్టుకుని ఒకరి గడప ముందు నిలబడింది. గింజలు అడగడానికి ఆమెకు నోరు రాలేదు. చిటికెడు ఉప్పు అడిగింది. ఆ ఇంటివాళ్లు ఉప్పు పోసి, వాళ్లే చూసి జొన్నలు కూడా పోశారు. పెద్దవాడు ఆ ఊళ్లోనే పాలేరుగా ఆగిపోయాడు. చిన్నవాడు పట్నంలో రాళ్ల పనుందని విని ముందుకు నడిచాడు. "మళ్ల రాలే. ఉన్నడో పోయిండో తెల్వదు. మా అత్త సచ్చేదాక గా మాటే అనేది" అంది ఆ ముసలామె. రెండు కొమ్మలూ ఎక్కడివాళ్లు పిలిచిన పేరు అక్కడ పెట్టుకున్నాయి కాబట్టి ఇంటిపేర్లు కలవలేదు. మా తాత వాళ్ల తాతా, ఆమె భర్త వాళ్ల తాతా ఆ అన్నదమ్ములే. వసారాలోకి వచ్చేటప్పుడు ఆమె మా నాయనమ్మను వియ్యపురాలి వరసన వదినా అని పలకరించింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే వంశంలోకి వచ్చిన కోడళ్లు, యారాళ్లు. "అక్కా" అని మా నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

నాయనమ్మ మొహంలో సంతోషం వచ్చినంత తొందరగానే పోయింది. ఇన్నేళ్లు వెతికింది దొరికింది, దొరికిన క్షణంలోనే కూతురి పెళ్లి చేజారింది. యారాళ్ల పిల్లలు అన్నాచెల్లెళ్లు. ఆమె గొంతు తగ్గించి అంది. "మనిద్దరికే ఎర్క. ఈడు చిన్నోడు, రేపటికి మరుస్తడు. మనం నోర్మూసుకుంటే ఎవలకు తెలుస్తది చెల్లే? నా బిడ్డ జర నవ్వుతున్నది ఇప్పుడే." ఆమె అలా బతిమాలుతుంటే నాకు భయం వేసింది. మా నాయనమ్మ ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. ఆ ముసలామె ఏడుస్తూనే చెప్పింది. "మూస్తమక్కా. నా కొడుకు సుత మూడేండ్ల సంది ఏ సంబంధం ఒప్పుకోక దీనికి ఒప్పుకున్నడు. గని పెండ్లయినంక మిరుగం వస్తది గద. ఒక్కింట్ల ఇద్దరు పెంకులు పట్టుకొని నిలబడ్తరు, వాళ్లకే సమజైతది. అప్పుడేం జెప్తం?"

తలుపు చప్పుడైతే చూశాం. మా అత్త వంటింటి గుమ్మంలో చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఇద్దరు ముసలివాళ్ల వంకా ఒకసారి చూసి ముందు గదిలోకి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

అతను బల్ల మీద తలవంచుకుని కూర్చున్నాడు. మా అత్త అతని ముందు నిలబడి పళ్లెం చాపింది. "చాయ్ తీస్కో అన్నా" అంది.

పట్నంలో పాలవాణ్నీ ఆటోవాణ్నీ అన్నా అంటాం, అందులో ఏముందని మీరనొచ్చు. పెళ్లిచూపుల్లో పిల్ల పిల్లగాణ్ని అలా పిలిస్తే సంబంధం అక్కడితో సరి. మా నాయన కోపంతో లేచి, "ఏందే, మతి గిట్ల పోయిందా?" అన్నాడు. అత్త ఆయన వైపు తిరిగి, నీకు తమ్ముడైతడు, లోపల అమ్మనడుగు అని చెప్పింది. అతను కప్పు తీసుకున్నాడు. మెల్లగా, చివరి దాకా తాగాడు. ఖాళీ కప్పు పళ్లెంలో పెట్టి, తలెత్తి ఆమెను చూసి, "ఇంకింత ఉన్నదా చెల్లె?" అని అడిగాడు.

వాళ్లు పోయాక మా అత్త పెరట్లో గిన్నెలు తోముతూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఏడుస్తున్నావా అత్తా అంటే ఏడుస్తున్న రా, ఏడ్వొద్దా అంది. నీకు ఆ ముసలామె అక్కడ చెప్పిందాకా తెల్వదా అని అడిగాను. పొద్దున నువ్వు గిర్ని పక్క సందు అన్నప్పుడే తెలిసింది అంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, మోచేత్తో మొహం తుడుచుకుని, ఒక్క పూట పెండ్లికూతురి లెక్క ఉందామని ఊకున్న రా, కొత్త జాకెట్ సుత కుట్టుకుంటి గదా అంది. ఆమె తోమిన గిన్నెలు కడిగిపెట్టాను.

ఆ తర్వాత సంగతులు త్వరత్వరగా జరిగిపోయాయి. మా నాయనా అతనూ కలిసి ఆ కృష్ణ ఒడ్డు ఊరికి పోయి, మా ముత్తాతలు విడిచిపోయిన మొండిగోడలు చూసి వచ్చారు. మూలం ఇది, పాలోళ్లు వీళ్లు అని చెప్పుకోవడానికి ఇప్పుడు మాకు మాటుంది, వెంట మనుషులున్నారు. మరుసటి ఏడాదే మా అత్తకు మంచి సంబంధం కుదిరింది. ఆ పెళ్లిలో పందిరి కట్టించింది, అప్పగింతల్లో మా నాయన పక్కన నిలబడి అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆ ఫిట్టరే. నాకు ఆయన చిన్నాయన అయ్యాడు. తర్వాత ఆయనా పెళ్లి చేసుకున్నాడు. మా అత్త పిల్లలకు ఆయన ఒళ్లోనే పుట్టెంట్రుకలు తీశారు. వాళ్ల పెళ్లిళ్లకు మేనమామ బట్టలు మా నాయనవి ఒక జత, ఆయనవి ఒక జత వచ్చేవి. ఒక్క రాఖీ పండగ కూడా ఆయన తప్పిపోలేదు. మా అత్త ఆయన్ను అందరి ముందూ తిట్టేది కూడా, సొంత అన్నను తిట్టినట్టే.

పోయినేడు మా అత్త మధురానగర్‌లో కొడుకు ఇంట్లో పోయింది. నిండు వయసు, పెద్దగా బాధపడలేదు. మా నాయన ఎప్పుడో పోయాడు కాబట్టి పుట్టింటి చీర కప్పాల్సింది నేనే. చీర కొని పట్టుకుపోయి ఆమె పక్కన నిలబడ్డాను. అంతలో చిన్నాయన వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, కొడుకు రెక్క పట్టుకుని నడిపిస్తే వచ్చాడు. ఇంకో చేతిలో సంచీ, అందులో చీర. అక్కడున్న పెద్దవాళ్లలో ఒకరు, అన్న బతికుండంగ మేనల్లుడు ఎట్ల కప్పుతడు, పెద్దమనిషికి జాగియ్యి అన్నారు. నేను పక్కకు జరిగాను. ఆయన వంగలేక వంగి, చీర మడతలు విప్పి, ఆమె మెడ దాకా కప్పి అంచులు సరిచేశాడు. ఆ తర్వాత నాది కప్పాను.

అన్నీ అయ్యాక కింద కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టాను. మంచినీళ్లు తాగి, చుట్టూ ఎవరూ లేరని చూసి నాతో అన్నాడు. "నీకొకటి చెప్పాలె రా. గా దినం మీ గుమ్మంల నిన్ను చూసి మా అమ్మ ఆగిపోయింది సూడు, గప్పుడే నాకు సమజైంది. పొద్దున పెంకు పిలగాని ముచ్చట మా అమ్మ నాకు చెప్పింది గద. తెల్సి సుత ఊకున్న. ముసలోళ్లు బైటికి చెప్పకుంటే బాగుండని దేవునికి మొక్కుకుంట కూసున్న. మీ అత్త అనకపోతే నేనైతే అనకపోతుంటి." ఆయన కళ్లు తుడుచుకోలేదు, అలాగే వదిలేశాడు. ఆమెకు నువ్వు ఈ మాట చెప్పినవా చిన్నాయనా అని అడిగాను. చెప్పలేదన్నాడు. సిగ్గేసింది, గందుకే జీవితమంత అన్నలెక్క ఉందామనుకున్న అన్నాడు.

ఆ రోజు మా ఇంట్లో ఆ సంగతి తెలిసిన వాళ్లం ఐదుగురం. ఇద్దరు ముసలివాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు, ఆయన తలవంచుకుని మొక్కుకుంటున్నాడు, నేను చిన్నవాణ్ని. అందరికంటే ఎక్కువ పోగొట్టుకునే మనిషే ముందు నోరు తెరిచింది. అది చూసినప్పటి నుంచి నాకొక అలవాటైంది. నలుగురు కూర్చుని, అందరికీ తెలిసిన మాట ఎవరూ అనకుండా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే, నాకు నష్టమైనా సరే, ఆ మాట నేనే అనేస్తాను. దానివల్ల డిపోలో ప్రమోషన్ పోయింది, ఒకరిద్దరు చుట్టాలు మాటలు మానేశారు. మా అత్త ఆ చాయ్ పళ్లెంతో పాటు ఇచ్చేసిన దాని ముందు అదెంత.